గోధుమరంగు దారం

నల్లగొండ,
సెప్టెంబర్ 7, ఆదివారం.

చిరంజీవి స్రవంతికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమం తెలియజేయగలవు. ఈ రెండో వాక్యం పూర్వం అందరూ అలవాటు కొద్దీ రాసేవారు. నేను నిజంగానే అడుగుతున్నాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోను చేస్తే ఎవరో ఆవిడ నువ్వు అందుబాటులో లేవని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెబుతోంది. ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఒకసారి చెబితే చాలు నాకు. వాట్సాప్‌లో పంపిన మందుల చీటీ ఫొటో ఒక్క టిక్కు దగ్గరే ఆగి ఉంది. నువ్వు మాట్లాడి ఇవాళ్టికి 23 రోజులు. నేనేమీ లెక్కపెట్టలేదు. పాల లెక్క రాసే క్యాలెండర్‌లో ఆగస్టు 15 చుట్టూ మీ అమ్మ సున్నా చుట్టింది, అది కంటబడింది, అంతే.

ఇంటి సంగతులు రాస్తాను. వానలు ఈసారి పరవాలేదు. పెద్దనాన్న బోరు మళ్లీ పోస్తోంది. బత్తాయి తోటలో మిగిలిన నలభై చెట్లూ కాపు మీదున్నాయి. నలభై చెట్లను తోట అనకూడదు, అయినా ఆయన ఇంకా 'తోటకు పోయి వస్తాను' అనే అంటాడు, మేమూ కాదనం. అమ్మ మోకాలు అలాగే ఉంది. కింద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాక కుర్చీలో కూర్చుని కూరగాయలు తరుగుతోంది. లేచేటప్పుడు మాత్రం నా చెయ్యి అందుకోదు, గోడ పట్టుకుని లేస్తుంది. ఆగస్టు 15 నుంచి ఆవిడకు గోడతోనే సఖ్యం. చిన్నత్త వచ్చి రెండు రోజులుండి వెళ్లింది. ఆమె ఉన్నన్నాళ్లూ ఇంట్లో నోరు తెరవాల్సిన పని నాకు పడలేదు.

బతుకమ్మకు రెండు వారాలే ఉంది. మనం తంగేడు కోసుకునే గుట్ట వెనక స్థలమంతా వెంచరు చేశారు. తెల్ల రాళ్లు పాతి, ఒక గేటు కట్టి, ఆ గేటుకు ఒక నది పేరు పెట్టారు. తంగేడు రాష్ట్ర పుష్పమని ఐదో తరగతి పిల్లవాడు కూడా టక్కున చెబుతాడు, పువ్వు కావాలంటే మాత్రం గడియారం సెంటర్‌లో కట్టకు ఇంత అని బేరమాడి కొనుక్కోవాలి. గునుగు ఇంకా దొరుకుతోంది. నువ్వు వస్తావో రావో చెబితే ఎన్ని కట్టలు తేవాలో చూసుకుంటాను. కేవలం పూల లెక్క కోసమే అడుగుతున్నాను.

పేపరు ఈ మధ్య సరిగ్గా చదవడం లేదు. ముఖ్యంగా జిల్లా పేజీ తిప్పడం లేదు. కళ్లు లాగుతున్నాయి.

అన్నట్టు, ఆదివారం అనుబంధంలో వచ్చిన నీ కవిత చదివాను. నువ్వు చెప్పలేదు. మా బడిలో పనిచేసిన తెలుగు పంతులుగారు పొద్దున్నే ఫోను చేసి 'మీ అమ్మాయి పడింది సార్' అన్నారు. గుండె గుభేలుమంది. పత్రికలో పడిందని ఆయన భావమట. తెలుగు పంతుళ్లు వాక్యం పూర్తిగా చెప్పాలి. బస్టాండుకు వెళ్లి నాలుగు కాపీలు కొన్నాను. ఒకటి చదవడానికి, ఒకటి దిద్దడానికి. మిగతా రెండు ఎందుకు కొన్నానో తెలియదు.

దిద్దినవి రాస్తాను, ఏమీ అనుకోకు. 'లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల మృత్యువు' అన్నావు. వినడానికి బాగుంది, లెక్క తప్పింది. 1.5 అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన హద్దు. ఫ్లోరైడు అంతవరకు ఉండవచ్చు, అది దాటితే ప్రమాదం. నువ్వు హద్దునే మృత్యువు అన్నావు. రేపు ఎవరైనా ఇంజనీరు సభలో లేచి 'అమ్మా, మీకు ప్రమాణమే తెలియదు' అంటే నీ కవిత మొత్తం కూలిపోతుంది. ఒక్క దశాంశ బిందువు చాలు బిడ్డా, అవతలివాడు గెలవడానికి. రెండోది, 'మురికిలో పుట్టిన మూసీ' అన్నావు. మూసీ పుట్టింది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో, అడవిలో. మురికి దానికి హైదరాబాదులో అంటింది. అక్కడి నుంచి మన జిల్లా పొలాల మీదుగా వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పుట్టుకను నిందిస్తే దారిలో ముంచినవాళ్లు తప్పించుకుంటారు. ఈ ముక్క నీకు నేను చెప్పాలా?

మూడోది దిద్దలేదు. 'నాయనమ్మ ఎప్పుడూ నేలనే చూస్తుంది, ఏదో పారేసుకున్నట్టు' అని రాశావే, ఆ చోట ఎర్ర పెన్ను పక్కన పెట్టి కాసేపు బయట అరుగు మీద కూర్చున్నాను.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. ఫ్లోరైడు నీళ్లకు మా అమ్మ నడుము పూర్తిగా వంగిపోయాక రోడ్డు మీద ఎవరు పడేసుకున్న పావలా అయినా ఆమెకే దొరికేది. చీర కొంగు విప్పితే పావలాలు, పిన్నులు, ఒకసారి ఎవరిదో ముక్కుపుడక. ఊరంతా తిరిగి ఆ ముక్కుపుడక ఎవరిదో కనుక్కుని ఇచ్చి వచ్చింది. తిరగడమంటే మామూలుగా కాదు, ప్రతి గుమ్మం ముందు ఆగి, ముఖం ఎత్తలేక, గడపతో మాట్లాడినట్టు మాట్లాడేది. నీళ్లు కాచి తాగమని అప్పట్లో ఒక డాక్టరు చెప్పాడు. మేమూ శ్రద్ధగా కాచాం. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. సైన్సు చదివిన కొడుకును, నా చేత్తో కట్టెలు ఎగదోసి చిక్కబరిచి తాగించాను. తర్వాత బకెట్లో సున్నం, బ్లీచింగు పొడి, పటిక వేసి కలియబెట్టి, గంటసేపు తేరనిచ్చి పైనీళ్లు పట్టుకోవడం నేర్పారు. నాగపూర్‌లోని 'నీరీ' సంస్థవాళ్లు కనిపెట్టిన ఆ విధానానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. పేరైతే దేశదేశాల పుస్తకాలకెక్కింది. మా అమ్మకు మాత్రం ఆ నీళ్ల వగరు నచ్చక, నేను బడికి పోగానే చేదబావి నీళ్లే తాగేది.

నీ కవిత్వం ఎక్కడ మొదలైందో అమ్మ ఒకటి చెబుతుంది, నేనొకటి చెబుతాను. నా లెక్క ప్రకారం 2018, పాలమూరు. పిల్లలమర్రికి చెదలు పట్టి, కొమ్మ విరిగిపడి, ఏడువందల ఏళ్ల చెట్టుకు ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కిస్తున్నారని పేపర్లో చదివి చూడాలన్నావు. పెళ్లికి వెళ్లినవాళ్లం అటు వెళ్లాం. లోపలికి రానివ్వలేదు. గేటు ఊచలు పట్టుకుని నిలబడి, 'చెట్టుకు ఏమైనా అయితే కాగితాల మీద సంతకం ఎవరు పెడతారు నాన్నా, బంధువులెవరు?' అన్నావు. ఆకలి మీదుండి, పద పద, భోజనాలు అయిపోతాయి అన్నాను. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. మరుసటేడు నల్లమలలో యురేనియం వద్దని అందరూ లేచినప్పుడు, స్నేహితురాలి అక్క పెళ్లని చెప్పి మన్ననూరు వెళ్లావు. మాకు తెలియదనుకున్నావు. పెళ్లికి వెళ్లిన పిల్ల కాలి పట్టీల నిండా పల్లేరుకాయలతో రాదు. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది, నువ్వు టీవీ ముందు ఎగిరావు, నేను వాల్యూమ్ తగ్గించమన్నాను.

కవిత్వం వద్దని నేను ఎప్పుడూ అనలేదు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే మన ఉమ్మడి పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు ఎదురు తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. వెతికి వెతికి 354 మంది కవులను పోగుచేసి 1934లో సంచిక అచ్చువేశారు. నాకు నచ్చే జవాబు అది. మాటకు మాట కాదు, మాటకు లెక్క.

సరే, చల్లకు వచ్చి ముంత దాచడం ఎందుకు. నువ్వు ఉద్యోగం మానేశావని చిన్నత్త కొడుకు అన్నాడు. మీ ఆఫీసు పక్క వీధిలోనే వాడిదీ ఆఫీసు. జూన్ నుంచి నీ కుర్చీలో ఇంకెవరో అబ్బాయి కూర్చుంటున్నాడట. నిజమా? నిజమైతే అద్దె ఎవరు కడుతున్నారు? శైలజ కడుతోందా? ఒకరి దగ్గర అప్పు పడితే స్నేహం వంకర పోతుంది, ఎంత మంచి పిల్లయినా. ఈ సంగతి విని అమ్మ ఏమందో తెలుసా? దుశర్ల సత్యనారాయణ గారు బ్యాంకు ఉద్యోగం వదిలేయలేదా అంది. వదిలేశారు, నిజమే. జలసాధన సమితి పెట్టి ఫ్లోరైడు నీళ్ల మీద ఊరూరా తిరిగారు. రాఘవాపురంలో డెబ్బై ఎకరాల సొంత భూమిని అడవి చేసి పక్షులకు వదిలేశారు. కానీ ఆయనకు డెబ్బై ఎకరాలుంది. నీకు నలభై బత్తాయి చెట్లలో నాలుగో వంతు వస్తే గొప్ప. ఈ మాట అన్నాకే అమ్మ గోడ పట్టుకుని లేవడం ఇంకా ఎక్కువైంది.

ఆగస్టు 15న నేనన్నది నీకు గుర్తుండే ఉంటుంది. 'ఒక్కదానివి అరిస్తే ఫ్యాక్టరీలు ఆగుతాయా, లెక్క చూసుకో' అన్నాను. జెండా పండగకు బడికి పిలిచారు, ఎండలో నిలబడి వచ్చి చిరాకు మీదున్నాను. అదే కారణమని అనను. నువ్వు ఏమీ అనకుండా ఫోను పెట్టేశావు. నువ్వు ఏదో ఒకటి అనవలసింది.

లెక్క చూసుకోమన్న నేను ఒక లెక్క చూశాను. నీకెప్పుడూ చెప్పలేదు. 1996 పార్లమెంటు ఎన్నికలు, నువ్వింకా పుట్టలేదు. అప్పుడు నేను పోలింగ్ అధికారిని. నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. చాలామంది జలసాధన సమితి నిలబెట్టిన రైతులు, ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు చేతులు వంకర పోయినవాళ్లు. మా బాధ ఢిల్లీ వినడం లేదు కాబట్టి మీ ఎన్నికే ముందుకు సాగకుండా చేస్తామని నామినేషన్లు వేశారు. అన్ని పేర్లు అచ్చు వేయలేక పోలింగు వాయిదా వేశారు. చివరికి మా చేతికొచ్చింది బ్యాలెట్ పత్రం కాదు, పుస్తకం. మామూలు పెట్టెలో అలాంటివి ఎన్ని పడతాయి చెప్పు. సామాను దింపుకునేసరికే మా ప్రిసైడింగ్ అధికారి, పెద్దాయన, తల పట్టుకుని బడి మెట్ల మీద కూర్చుండిపోయారు. రాత్రి ఆయనకు మజ్జిగ పోసి పడుకోబెట్టి, నేనూ ఇంకొక మాస్టారూ లాంతరు వెలుగులో పత్రాలన్నీ లెక్కపెట్టుకున్నాం. రెండుసార్లు లెక్క తప్పింది. నాకే తప్పింది.

పొద్దున ఏడింటికి మొదలైతే వరస కదలదు. పేజీలు తిప్పాలి, గుర్తు వెతుక్కోవాలి, ముద్ర వేయాలి, అంత పుస్తకాన్నీ మడిచి పెట్టెలో దోపాలి. మధ్యాహ్నం దాటాక ఒక ముసలాయన వచ్చాడు. మెడ తిరగదు, ఎటు చూడాలన్నా ఒళ్లంతా తిప్పాలి. చేతివేళ్లు కొంకర్లు పోయి, చీటీని రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు. పేరు చదివితే ఎక్కడో చూసినట్టనిపించింది. చూశాను, బ్యాలెట్‌లో. ఆయనా అభ్యర్థే. ఊళ్లో తలా ఇంత వేసుకుని 500 రూపాయల ధరావతు కట్టారట.

తోడు మనిషిని తెచ్చుకోవచ్చు, నిబంధన ఉంది అని చెప్పాం. 'నా ఓటు నేను వేసుకోలేనా' అన్నాడు. సిరా పూయడానికి వేలు చాపమంటే వేలు చాచుకోదు, నేనే వంగి పూశాను. అట్ట తడిక వెనక్కి వెళ్లాడు. కాగితాల చప్పుడు వినిపిస్తోంది, ఆగుతోంది, మళ్లీ వినిపిస్తోంది. ఐదు నిమిషాలు, పది. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. అప్పుడు లోపలి నుంచి, 'సారూ, నేను ఎన్నో పేజీలో ఉన్నాను?' అన్నాడు.

నాకు తెలుసు. వరస సంఖ్యతో సహా తెలుసు. లెక్కల మాస్టారుకు అంకె ఒకసారి కంటబడితే పోదు. ఏజెంట్లు నా ముఖమే చూస్తున్నారు. 'చెప్పకూడదు తాతా, వెతుక్కో' అన్నాను. నిబంధన ప్రకారం సరైన జవాబు. ఇంకో పది నిమిషాలకు బయటికొచ్చాడు. పుస్తకాన్ని మడవలేక మోచేతులతో ఒత్తుకుంటూ తెచ్చి పెట్టె దగ్గర పెట్టాడు. నేనే దోపాను. పోతూ పోతూ, ఒళ్లంతా నా వైపు తిప్పి, 'దొరకలేదు సారూ. ఎవరిదో ఒకరిది చూసి ముద్ర వేశాను. ఎవరైతే ఏమిటి, అందరం ఆ నీళ్లు తాగినవాళ్లమే కదా' అన్నాడు.

గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం గారు. ఆ రైతుల ధరావతులు గల్లంతయ్యాయి. ఆ తర్వాత లోక్‌సభ ధరావతును 500 నుంచి 10,000 చేశారు, మళ్లీ ఎవరూ ఇలా గుంపులుగా నిలబడకుండా. లెక్క ప్రకారం ఓటమే. కానీ నల్లగొండ నీళ్ల సంగతి దేశమంతా పేపర్లలో వచ్చింది ఆ ఓడిపోయినవాళ్ల వల్లనే. ఎన్నికల ఖర్చు దండగని మా స్టాఫ్‌రూములో అందరితో పాటు నేనూ అన్నాను. నేను సమితి మీటింగు ఒక్కదానికీ వెళ్లలేదు. ప్రభుత్వోద్యోగిని, వెళ్లకూడదు అనుకున్నాను. ఇంట్లో మా అమ్మ గడపలతో మాట్లాడుతూనే ఉంది. ఆమె పోయింది 2014లో, నువ్వు ఎనిమిదో తరగతి. మరుసటేడు చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేశారు. ఇప్పుడు మన ఊరి కుళాయిలో కృష్ణ నీళ్లే వస్తున్నాయి, పెద్దనాన్న మనవళ్ల పళ్లు తెల్లగా ఉన్నాయి. ఆ తాత వరస సంఖ్య మాత్రం నాకింకా గుర్తుంది. ఇక్కడ రాయను.

ఎందుకు మొదలుపెట్టానో మరిచిపోయాను. ఆఁ, జిల్లా పేజీ.

28వ తేదీ పొద్దున ఎదురింటి కరెంటు సారు పేపరు పట్టుకుని వచ్చి, 'మాస్టారూ, ఇది మీ అమ్మాయి కాదు కదా' అన్నాడు. ప్రజాభిప్రాయ సేకరణలో ఉద్రిక్తత అని పెద్ద అక్షరాలు, కింద ఫొటో. ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు ఒక పిల్లను రెక్కలు పట్టి ఎత్తుకుపోతున్నారు. జుట్టు ముఖం మీద పడింది, ఎవరో తెలియదు. 'కాదండీ, మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది' అన్నాను. ఆయన వెళ్లాక తలుపు వేసి, జామెట్రీ పెట్టెలోని భూతద్దం తీసి చూశాను. ముఖం కాదు. ఫొటో కింది మూలలో మట్టిలో ఒక చెప్పు పడి ఉంది. నల్ల చెప్పు, పట్టీ దగ్గర గోధుమరంగు దారంతో కుట్టు. మొన్న ఉగాదికి వచ్చినప్పుడు గడియారం సెంటర్‌లో నేనే కుట్టించాను. నల్ల దారం అయిపోయింది, రేపు రమ్మన్నాడు ఆయన. రేపు పిల్ల బస్సెక్కాలి, ఏ రంగయినా సరే గట్టిగా కుట్టు అన్నాను. కుట్టు ఊడలేదు, చూశాను. పట్టీ బాగానే ఉంది. చెప్పే ఊడింది.

కాదండీ అన్నానే, అది రోజూ గుర్తొస్తోంది. రేపు ఆయనకు చెబుతాను. రేపు కాకపోతే ఎల్లుండి.

ఆ రోజు నుంచి ఊరికే ఉండలేక 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి చదివాను. ఇంగ్లీషు ముతకగా ఉంది కానీ విషయం అర్థమైంది. ప్రజాభిప్రాయ విచారణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు వేయాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో. కలెక్టరు గాని, అదనపు కలెక్టరు హోదాకు తగ్గని అధికారి గాని కూర్చోవాలి. మొత్తం వీడియో తీయాలి. చివర్లో జరిగినదాని సారాంశం స్థానిక భాషలో చదివి వినిపించాలి. మీ దగ్గర చదివి వినిపించారా? ఆ లోపే మిమ్మల్ని ఎత్తేశారా? ఇంకొకటి, నేను రెండుసార్లు చదివి పక్కన గీత గీసుకున్నది: హాజరుకు కోరం అక్కర్లేదట. ఇంతమంది ఉంటేనే మొదలుపెట్టాలని ఏమీ లేదట. ఒక్కరు వచ్చినా చాలు, విచారణ విచారణే. ఆగస్టు 15న నాకు ఆ సంగతి తెలియదు.

మన పెద్దగట్టు, లంబాపూర్ దగ్గర 2003లో యురేనియం గని కోసం ఇలాంటి సభే పెట్టారు. జనం వద్దని చెప్పారు, ఇంతవరకు గని పడలేదు. అప్పుడూ నేను వెళ్లలేదు, పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. కాబట్టి నీకు చెప్పే హక్కు ఎంతుందో నాకు తెలుసు, అయినా చెబుతాను. నోటితో చెప్పినదంతా కాగితం మీద రాసి ఇవ్వు, రెండు ప్రతులు తీసుకెళ్లు, ఒకదాని మీద ముద్ర వేయించుకో. రసీదు లేని మాట గాలికి పోతుంది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకు. ఏం రాసిందో పూర్తిగా చదవకుండా అసలే పెట్టకు. ఖాళీ కడుపుతో వెళ్లకు, నీకు కళ్లు తిరుగుతాయి, పదో తరగతి ప్రార్థనలో పడిపోయావు గుర్తుందా. నీళ్ల సీసా పెట్టుకో. నా నంబరు చేతి మీద పెన్నుతో రాసుకో, ఫోను లాక్కుంటే ఎవరికీ ఏ నంబరూ గుర్తుండదు ఈ రోజుల్లో. వాగ్వాదంలో వేలు చూపించి మాట్లాడకు, ఫొటోలో అదే పడుతుంది. రాత్రిపూట ఆ ఊళ్లకు ఒక్కదానివే వెళ్లకు. కవితలో అంకెలు వేసేముందు నాకు పంపు, ఐదు నిమిషాలు పట్టదు. ఇంక చెప్పను. తలకు నూనె పెట్టుకో.

ఇది అసలు చెప్పవలసింది. ఆ పేపరు అమ్మ కంటబడకూడదని నా సర్వీసు కాగితాల ఫైలులో దాచాను. పది రోజులుగా ఆవిడ ఒక్క మాట అడగలేదు. తెలియదులే అనుకున్నాను. నిన్న పొద్దున ఒక కాగితం నా చేతిలో పెట్టి, 'బజారుకు పోతే పిల్లకు ఈ కొలతకు చెప్పులు తీసుకురా' అంది. ఇంట్లో నువ్వు వదిలిన హవాయి చెప్పు పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, కత్తెరతో కత్తిరించింది. ఇప్పుడు చెప్పులెందుకు అన్నాను. 'పిల్లకు చెప్పులు లేవు' అంది. దుకాణంలో కాగితం తిరగేస్తే వెనక పేపరు అక్షరాలు. 28వ తేదీ. '...రేకంగా నినాదాలు చేస్తున్న యువతిని' అన్న సగం ముక్క మడమ దగ్గర ఉంది. ఇంటికొచ్చి ఫైలు తీశాను. జిల్లా పేజీలో ఫొటో ఉన్నచోట చక్కగా స్కేలు పెట్టి కోసిన ఖాళీ, దాని కింద పాదమంత ఖాళీ. ఫొటో ఎక్కడ పెట్టుకుందో అడగలేదు. అడిగితే గోడ పట్టుకుని లేస్తుంది.

చెప్పులు ఈ పెట్టెలో ఉన్నాయి. నల్గొండ బస్సులో పార్సిలు వేస్తున్నాను, శైలజ దిల్‌సుఖ్‌నగర్‌లో దించుకుని నీకు ఇస్తానంది. నువ్వు ఎక్కడున్నావో ఆ పిల్ల చెప్పలేదు, నేనూ గట్టిగా అడగలేదు. సత్తుపిండి డబ్బా తలకిందులు చేయకు, మూత వదులు. ఉసిరి తొక్కు సీసా గుడ్డలో చుట్టి ఉంది. జ్వరం బిళ్లలు, కట్టు గుడ్డ, అయొడిన్ అమ్మ పెట్టింది, ఎందుకో నేను అడగలేదు.

దుకాణంవాడు వేళ్ల మీదుగా ఒక్క పట్టీ ఉన్నవి చూపించాడు, అందంగా ఉన్నాయి. వద్దని, మడమ వెనక కూడా పట్టీ ఉన్నవి తీసుకున్నాను. బకిలు లాగి చూశాను, నాలుగుసార్లు. ఎంత లాగినా కాలి నుంచి ఊడవు. రంగు నీకు నచ్చకపోవచ్చు, ఆ కొలతలో అవే ఉన్నాయి. రెండో పాత చెప్పు నీ దగ్గరుంటే పారేయకు, వచ్చేటప్పుడు తీసుకురా.

పెట్టె అడుగున ఉండ చుట్టిన కాగితాలున్నాయి. చెత్తలో వేయకముందు ఒక్కొక్కటీ విప్పి చూడు. అమ్మకు తెలియదు.

మీ నాన్న